మీ వార్డు నర్సు పేరు ఏ రిజిస్టర్లో ఉంది?

ఇంగ్లండులో పనిచేసే ప్రతి నర్సుకీ ఒక పిన్ నంబరు ఉంటుంది. ముందున్న రెండంకెలు రిజిస్టర్లో చేరిన సంవత్సరం, పక్కనున్న అక్షరం నెల, చిట్టచివరి అక్షరం ఎక్కడ చదువుకుని వచ్చారన్నది. నా నంబరు చివర ‘ఓ’ ఉంది. ఓవర్సీస్, అంటే బయటి దేశంలో చదివి వచ్చిన మనిషని. లీడ్స్‌లో నా వార్డులో పడుకున్న పెద్దాయన కూతురికి అనుమానం వస్తే, మంచం పక్కనే కూర్చుని ఫోన్లో నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వెబ్‌సైట్ తెరిచి నా పేరు కొట్టి చూసుకోవచ్చు. నా రిజిస్ట్రేషన్ ఎప్పటిది, ఎప్పటిదాకా చెల్లుతుంది, నా మీద ఆంక్షలేమైనా ఉన్నాయా, అన్నీ అక్కడే కనిపిస్తాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు.

వచ్చిన కొత్తలో ఇది నన్ను శంకించడంలా తోచేది. ఇప్పుడు నా వృత్తికి ఇంతకన్నా గౌరవం లేదనిపిస్తోంది. ఆ రిజిస్టర్లో పేరు నిలబడాలంటే మూడేళ్ళకోసారి రీవాలిడేషన్ చేసుకోవాలి. ఆ మూడేళ్ళలో కనీసం 450 గంటలు పనిచేసి ఉండాలి, 35 గంటలు కొత్తగా ఏదో ఒకటి నేర్చుకుని ఉండాలి, చేసిన పనిమీద మనకి వచ్చిన అభిప్రాయాలు ఐదు చూపించాలి, మన అనుభవాల మీద మనం రాసుకున్నవి ఐదు చూపించాలి. 2016 నుంచి ఇదే పద్ధతి. చదువు ఎప్పుడో అయిపోయినా సరే, ఈ రోజు ఈ మనిషి చేతికి సిరంజి ఇవ్వొచ్చా అన్న ప్రశ్న ఆగదు.

మాది విశాఖపట్నం. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదువుతున్నప్పుడు క్లినికల్ పోస్టింగ్ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, అంటే కేజీహెచ్‌లో వేశారు. 1923లో మొదలైన ఆ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచీ, ఏజెన్సీ నుంచీ, ఒడిశా నుంచీ రోగులొస్తారు. “సిస్టరమ్మా, సెలైన్ అయిపోనాది” అన్న పిలుపు వార్డులో ఈ చివర నుంచి ఆ చివరకి ఆగేది కాదు. పని అక్కడే నేర్చుకున్నాను. సీనియర్ సిస్టర్లు మందు పేరు, మోతాదు, టైము, ఏ దారిన ఇవ్వాలో పైకి చదివించి మరీ చేతికిచ్చేవారు.

చదువయ్యాక ఊళ్ళోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో చేరాను. రాత్రి డ్యూటీలో నాతో పాటు ఉన్న అమ్మాయి ఇంటర్ పాసై నేరుగా వచ్చింది. యూనిఫాం నాదీ తనదీ ఒకటే. చూసి చూసి నరం పట్టడం నేర్చుకుంది, నాకన్నా తేలిగ్గా పట్టేది. మంచి చెయ్యి. ఒకరోజు తెల్లవారుజామున చిన్న మందుసీసా ఒకటి విరిచి సిరంజిలోకి లాగి, “అక్కా, డాక్టర్ గారు రాసిన పొటాషియం ఇదే కదా, తోసెయ్యనా?” అంది. పొటాషియం క్లోరైడుని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. చూడ్డానికి అది నీళ్ళలాగే ఉంటుంది. సిరంజి తీసుకుని ట్రేలో పెట్టి, ఎందుకు తోయకూడదో చెప్పాను. తన మొహం పాలిపోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమెకెవరూ అది నేర్పలేదు, ఆమె పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు, ఆ మంచం మీదున్న మనిషి ఇంటివాళ్ళకి ఆ సంగతి తెలిసే దారీ లేదు. తక్కువ జీతానికి మనిషి దొరికిందని ఆమెను అక్కడ నిలబెట్టినవాళ్ళది ఆ తప్పు.

ఇలా జరిగేది మనకి చట్టం లేక కాదు. న్యూజిలాండ్ 1901లోనే నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది, బ్రిటన్ 1919లో చేసింది. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగానే, 1926లో, మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. ఆంధ్ర రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కి మూలం అదే. అప్పటికి కేజీహెచ్‌కి మూడేళ్ళు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టమూ వచ్చింది. చదువు ప్రమాణాలు ఢిల్లీ కౌన్సిల్ చూడాలి, రిజిస్టర్ రాష్ట్ర కౌన్సిల్ రాయాలి. ఏర్పాటు సరైనదే. కానీ ఒకసారి రిజిస్టరయ్యాక ఆ కాగితం బీరువాలోకి వెళ్ళిపోయేది. పెళ్ళై పని మానేసినవాళ్ళు, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, అందరూ ఆ పుస్తకంలో అలాగే ఉండిపోయేవారు. ఇప్పుడు పని చేస్తున్నవాళ్ళెవరన్నది అందులో తేలేది కాదు. తర్వాత భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రతి నర్సుకీ దేశమంతా చెల్లే ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతి మొదలుపెట్టింది. అది మంచి అడుగు.

నర్సు లెక్క ఆసుపత్రి గోడల దగ్గర ఆగదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మందికి మించి పనిచేసే చోట అంబులెన్స్ గది ఉండాలనీ, దాన్ని చూసుకోవడానికి వైద్య సిబ్బంది, నర్సింగ్ సిబ్బంది ఉండాలనీ చెప్పింది. స్టీల్ ప్లాంటు, పోర్టు, రిఫైనరీ ఉన్న ఊరికి ఇది చిన్న విషయం కాదు. కాలిన ఒంటికి మొదట తగిలేది నర్సు చెయ్యే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచినప్పుడు, తెల్లవారకముందే స్పృహ తప్పిన పిల్లల్నీ పెద్దల్నీ కేజీహెచ్‌కి మోసుకొచ్చారు. లీడ్స్‌లో టీవీ ముందు కూర్చుని ఆ వార్డుల్ని చూస్తూ ఏడ్చాను. అలాంటి పూట ఆక్సిజన్ మాస్కు పెట్టే మనిషి శిక్షణ పొందిందో లేదో ఆరా తీసే వ్యవధి ఎవరికీ ఉండదు. ఆ ఆరా ముందే అయిపోయి ఉండాలి.

2023 ఆగస్టులో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. 1947 చట్టం స్థానంలో 29 మందితో జాతీయ కమిషన్, ప్రతి రాష్ట్రానికీ ఒక కమిషన్, ఆన్‌లైన్ రిజిస్టర్. రిజిస్టర్లో పేరు లేకుండా నర్సుగా పనిచేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నన్నడిగితే ఈ శిక్ష భారం ఆ ఇంటర్ పిల్లల మీద కాదు, వాళ్ళకి యూనిఫాం తొడిగిన యజమానుల మీద పడాలి. జీతం సంగతి తేలకపోతే ఏ రిజిస్టరూ నిలబడదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వమంది. అమలు రాష్ట్రాలకి వదిలారు. రిజిస్టరైన నర్సుకి ఆ జీతం ఇవ్వాల్సిందేనని గట్టిగా అడిగితే తప్ప, రిజిస్టర్ కాని మనిషిని పెట్టుకోవడం మానరు.

ఇక్కడ ఇంగ్లండులో అంతా సవ్యంగా ఉందని చెప్పను. బ్రిటన్ కౌన్సిల్లో ఫిర్యాదులు ఏళ్ళ తరబడి తేలక నలిగిపోయిన నర్సులున్నారు. 2024లో స్వతంత్ర సమీక్ష చేసి నజీర్ అఫ్జల్ ఇచ్చిన నివేదిక ఆ సంస్థ లోపలే జాతి వివక్ష, వేధింపులు ఉన్నాయని తేల్చింది. నియంత్రించేవాళ్ళని నియంత్రించడం కూడా చట్టం పనే. కానీ ఆ నివేదికని బయటపెట్టారు, నాలాంటిది కూడా చదివింది. మన కౌన్సిళ్ళ పనితీరు మీదా అలాంటి నివేదికలు మామూలు జనం చేతికి రావాలి.

విశాఖలో ఉన్న మీకు నా విన్నపం ఇదే. ఇంట్లో ఎవరినైనా నర్సింగ్ హోంలో చేర్చినప్పుడు గది అద్దె అడిగినట్టే, డ్యూటీలో ఉన్న నర్సులకి రిజిస్ట్రేషన్ ఉందా, నంబర్లు ఎక్కడ పెట్టారు అని కౌంటర్లో అడగండి. ఆ అడగడం సిస్టరమ్మని కాదు, యాజమాన్యాన్ని. నంబరున్న నర్సు దానికి నొచ్చుకోదు.