చేపలు లేని ఏడు వారాలు

చేపల తొట్టి కావాలని మీ పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటారు. కొనడం అరగంట పని. పొద్దున దుకాణానికి వెళితే సాయంత్రానికల్లా చేపలతో సహా హాల్లో ఉంటుంది. మేము మాత్రం ఇంట్లోనే చేసుకున్నాం. గాజు తెచ్చిన రోజు నుంచి మొదటి చేప ఈదే వరకు ఏడు వారాలు పట్టింది. మీరూ ప్రయత్నిస్తే పనికొస్తుందని ఆ సంగతులు చెబుతున్నాను.

మాది తార్నాక. సెలవు రోజుల్లో ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో నడవడం నాకూ, ఏడో తరగతి చదివే మా అమ్మాయికీ అలవాటు. అక్కడ ఆర్ట్స్ కాలేజీ దారిలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. అమ్మాయి చేపల గోల విని, "ముందు వాటికి ఇల్లు కట్టు తల్లీ, తర్వాత చుట్టాల్ని పిలుద్దువు గాని" అన్నారు.

మా అమ్మాయి గురించి ఒక మాట చెప్పాలి. బాగానే చదువుతుంది. కానీ వారం పరీక్షలో రెండు మార్కులు తగ్గితే ఆ పేపరు బ్యాగు అడుగుకు చేరుతుంది. తప్పు పోయిన లెక్కను మళ్ళీ చేయదు, అంకె మీద అంకె దిద్దుతుంది. ఇలాంటి పిల్లలు మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు అనుకున్నాం. కావాల్సినవి 6 మిల్లీమీటర్ల మందం గాజు పలకలు ఐదు. అడుగు పలక, ముందు, వెనుక పలకలు 60 × 30. మరి పక్క పలకలు 30 × 30 కావాలి కదా? కాదు. అవి ముందు, వెనుక పలకల మధ్యలో ఇమడాలి. రెండు గాజుల మందం తీసేస్తే 28.8. రెండు వైపులా సిలికాన్ పొరకు చెరో మిల్లీమీటరు వదిలితే 28.6. ఈ లెక్క అమ్మాయే వేసింది. దుకాణంలో గాజు కోసే ఆయన కాగితం చూసి, ఏమీ మార్చకుండా కోసి ఇచ్చారు.

మీరు వెళ్ళినప్పుడు అంచులు రుద్ది ఇమ్మని తప్పకుండా అడగండి. గాజు పట్టుకునేటప్పుడు చేతులకు గ్లౌజులు ఉండాలి, బరువు పెద్దవాళ్ళే ఎత్తాలి. బాత్రూముల కోసం బూజు మందు కలిపి అమ్మే సిలికాన్ వద్దు, అది చేపలకు విషం. ఏ మందూ కలపని 100 శాతం సిలికాన్ కావాలి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి పెట్టండి. అంచుల్ని స్పిరిట్‌తో తుడిచి, అతికించి, లోపలి మూలల్లో మరో వరుస సిలికాన్ పెట్టి వేలితో నున్నగా దిద్దాలి. నాలుగు నిలువు మూలలూ దిద్దింది అమ్మాయే.

వారం ఆరనిచ్చి, బాల్కనీలో థర్మోకోల్ షీటు మీద పెట్టి నీళ్ళు నింపాం. పూర్తిగా నింపితే 50 లీటర్లు, అంటే నీటి బరువే 50 కిలోలు. గాజు బరువు ఇంకో పది కిలోల పైనే. అందుకే బల్ల గట్టిగా, సమంగా ఉండాలి. మర్నాడు పొద్దున ఒక మూల కింద తడి కనిపించింది.

"నేను దిద్దిన మూలే కదమ్మా?" అంది. మొహం చిన్నబోయింది. కాసేపటికి సిలికాన్ ట్యూబు తెచ్చి, కారిన చోట పైన కాస్త పూస్తే చాలంది. ఆ ఆదివారం మాస్టారిని అడిగాం. "ఎక్కడ కారిందో తెలిసిందా? అయితే సగం పని అయినట్టే. కానీ ఆరిన సిలికాన్ మీద కొత్తది సరిగా అతకదు. పైన పూస్తే మళ్ళీ కారుతుంది. పాతదంతా గీకి తీసెయ్యి తల్లీ" అన్నారు.

లోపలి సిలికానంతా బ్లేడుతో గీకడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మాయి తుడిచి, మళ్ళీ దిద్దింది. ఇంకో వారం ఆరబెట్టాం. ఈసారి రెండు రోజులు నీళ్ళు నిలిపినా కింద పరిచిన కాగితం పొడిగానే ఉంది.

అప్పుడైనా చేపలు వేయొచ్చా? వేయకూడదు. చేపల విసర్జనలోంచి అమోనియా వస్తుంది, అది వాటికి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైటూ ప్రమాదమే, నైట్రేట్ కొంత ఉన్నా ఫరవాలేదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టరులో, ఇసుకలో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. నల్లా నీళ్ళను ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి, క్లోరిన్ పోయాక పోశాం. ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు చేపల మేత వేశాం. ఇంటికొచ్చిన వాళ్ళంతా "చేపలేవి?" అని అడిగేవాళ్ళు. అమ్మాయి టెస్ట్ కిట్ తీసి, రంగు చూసి, నోటుబుక్కులో రాసుకునేది. ఐదో వారంలో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాయి.

ఆరు జీబ్రా చేపలు తెచ్చాం. మన దేశపు వాగుల్లో, వరిపొలాల కాలువల్లో బతికే చిన్న చేప ఇది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఉంది, మన పక్కనే హబ్సిగూడలోని సీసీఎంబీలో కూడా. దీని పిండం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి, ఒక్క రోజు వయసులోనే గుండె కొట్టుకోవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. పెద్ద చేపకు గుండెలో కొంత భాగం తీసేసినా మళ్ళీ పెంచుకోగలదు. మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు అమ్మాయి "మొత్తం గీకి మళ్ళీ కట్టుకుంటుందన్నమాట" అంది.

మొన్న లెక్కల పేపరు బల్ల మీద కనిపించింది. రెండు తప్పులున్నాయి. పక్కన తెల్లకాగితం మీద ఆ రెండింటినీ మొదటి వరుస నుంచి మళ్ళీ చేసుకుంటోంది. నేనేమీ అనలేదు, చేపలకు మేత వేసి వచ్చాను.

వచ్చే సెలవుల్లో మీరూ మొదలుపెట్టండి. నీళ్ళు నింపి చూసే రోజు పిల్లల్ని పక్కనే ఉంచుకోండి. ఒకవేళ కారితే తొందరపడి కొత్త తొట్టి కొనకండి, బ్లేడు తీయండి.