జలపాతం ఊళ్లో ఏడడుగుల ‘షెమ్’

ఊరి నడిబొడ్డున జలపాతం! కాఫీ తాగి హోటల్ నుంచి నాలుగడుగులు వేస్తే చాలు... నీటి హోరు వినిపిస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు అంచున ఉన్న స్పోకేన్ ప్రత్యేకత అది. పేరును ఇలా పలికితే మాత్రం ఊరివాళ్లు నవ్వుకుంటారు. వాళ్లకది ‘స్పోకాన్’.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సియాటిల్ నుంచి కార్లో బయల్దేరితే సుమారు 450 కిలోమీటర్లు. కాస్కేడ్ కొండలు ఎక్కి దిగి, కొలంబియా నది దాటాక పచ్చదనం పలచబడుతుంది. ఎండిన మైదానాలు, ఆపైన పొలాలు. ఇక విసుగొస్తోంది అనుకునే వేళకి పైన్ చెట్లు పలకరిస్తాయి. ఊరొచ్చేసినట్టే. 1974లో ఇక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ స్థలమే ఇప్పుడు నది పక్క పార్కు. పిల్లలతో వెళ్తే అక్కడి పెద్ద ఎర్ర బండిని దాటి రావడం కష్టం. దాని హ్యాండిలే జారుడుబల్ల మరి!

నది ఉత్తరపు ఒడ్డున ఉంది గోన్‌జాగా విశ్వవిద్యాలయం. జెసూట్ ఫాదర్లు 1887లో మొదలుపెట్టారు. గాయకుడు బింగ్ క్రాస్బీ చదివిందిక్కడే. చలికాలంలో మాత్రం ఇక్కడ పాటల కంటే బంతి చప్పుడే ఎక్కువ. 2004లో కట్టిన 6 వేల సీట్ల బాస్కెట్‌బాల్ స్టేడియం ముద్దుపేరు ‘కెన్నెల్’... అంటే కుక్కల కొట్టం. జట్టు గుర్తు బుల్‌డాగ్ కదా! పెద్ద మ్యాచ్ ఉందంటే విద్యార్థులు చలిని లెక్కచేయకుండా బయట గుడారాలు వేసుకుని పడుకుంటారు.

ఈ చిన్న ఊరికి 2012లో పోలండ్ నుంచి ఓ కుర్రాడొచ్చాడు. ప్షెమెక్ కర్నోవ్‌స్కీ. ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ పుట్టిన తొరున్ పట్నమే అతనిదీ. ఎత్తు ఏడడుగుల ఒక అంగుళం. 2010లో హాంబర్గ్‌లో జరిగిన 17 ఏళ్లలోపు ప్రపంచ పోటీల్లో ఫైనల్‌కి చేరిన పోలండ్ జట్టు సభ్యుడు. పేరు నోరు తిరగని అమెరికన్లు ‘షెమ్’ అనేశారు. ఎడమచేతి వాటం. అంత భారీ మనిషి వీపు వెనక నుంచి బంతి అందిస్తుంటే కెన్నెల్ ఊగిపోయేది.

ఐరోపాలో ప్రతిభ ఉన్న కుర్రాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండకుండానే క్లబ్బులు జీతాలిస్తాయి. అమెరికా కాలేజీల్లో అప్పట్లో జీతం మాటే లేదు. ఫీజు, బస, భోజనం... అంతే. సొంత పేరుతో ప్రకటనల డబ్బు తీసుకోవడానికి ఆటగాళ్లకు అనుమతి వచ్చింది 2021లో! అది కూడా విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లకు అంత తేలిగ్గా అందలేదు. మరి ఒళ్లు దెబ్బతింటే? షెమ్‌కి అదే జరిగింది.

2015 చివర్లో వెన్ను మొరాయించింది. ఐదు మ్యాచ్‌లతోనే ఆ సీజన్ ముగిసింది. ఆపరేషన్ చేశారు. తర్వాత ఇన్ఫెక్షన్ సోకింది. భారీకాయుడు మంచం పట్టాడు, సుమారు 27 కిలోలు తగ్గిపోయాడు. ఆట సంగతి అటుంచి, మామూలుగా నడవడమే గొప్ప అన్న పరిస్థితి. గాయం వల్ల పోయిన ఏడాదికి బదులుగా ఇంకో ఏడాది ఆడే వీలు నిబంధనల్లో ఉంది. తిరిగొచ్చాడు.

ఆ 2016-17 సీజన్‌ని స్పోకేన్ మరిచిపోదు. గోన్‌జాగా మొదటిసారి జాతీయ ఫైనల్‌కి వెళ్లింది. సెమీఫైనల్లో దక్షిణ కరోలినా ఆటగాడి చెయ్యి కంట్లో తగిలి షెమ్ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. మళ్లీ వచ్చి ఆడాడు, జట్టు గెలిచింది. ఏప్రిల్ 3న అరిజోనాలోని గ్లెన్‌డేల్‌లో 76 వేల మందికి పైగా చూస్తుండగా ఫైనల్. ప్రత్యర్థి ఉత్తర కరోలినా. షెమ్ ఎనిమిదిసార్లు బంతి విసిరితే బుట్టలో పడింది ఒక్కసారే. గోన్‌జాగా 65-71తో ఓడింది.

అయినా ఐదేళ్లలో అతను ఆడి గెలిచిన మ్యాచ్‌లు 137. అమెరికా కాలేజీ అగ్రశ్రేణిలో అంతకుముందు అన్ని గెలుపులు చూసిన ఆటగాడు లేడు. ఉత్తమ సెంటర్‌కి ఇచ్చే కరీమ్ అబ్దుల్ జబ్బార్ అవార్డూ ఆ ఏడాది అతనికే దక్కింది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మాత్రం ఒక్క జట్టూ అతని పేరు పిలవలేదు. అండోరా క్లబ్బులో ఆడాడు. 2018లో సొంతూరి జట్టుకి చేరాడు. తొరున్ కూడా నది ఒడ్డు ఊరే... విస్తులా.