కొత్త లొట్టి రుచి

హన్మకొండ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకుంటే ఎంతోసేపు పట్టదు... హసన్‌పర్తి వచ్చేస్తుంది. పొలాల గట్ల వెంట కాస్త నడిస్తే తాళ్లు. లండన్ నుంచి వచ్చిన మా చిన్ననాటి దోస్తు ఆ పొద్దున తాటికల్లు తాగాల్సిందేనని పట్టుబట్టాడు.

ముందురోజు రాత్రి వాడు తెచ్చిన సింగిల్ మాల్ట్ రుచి చూశాం. కనీసం మూడేళ్లు ఓక్ పీపాలో ఉంటే తప్ప స్కాచ్ అనకూడదని అక్కడి చట్టం. మామూలుగా బర్బన్, షెర్రీ నింపి ఖాళీ చేసిన పాత పీపాల్లోనే మాగబెడతారు. ఈ సీసాలోది మాత్రం చివర్లో కొన్నాళ్లు కొత్త ఓక్ పీపాలో ఉందట. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే వెనీలా, వెనకాలే లవంగం ఘాటు, అప్పుడే చెక్కిన కర్ర వాసన! 'రుచంతా పీపాదేరా' అన్నాడు వాడు.

ఆ మాటే తాళ్ల కింద చెబితే గౌడ్ మామ నవ్వాడు.

'మా లొట్టి గూడ గంతే బిడ్డా! కొత్త లొట్టిల కల్లు మట్టివాసనొస్తది. నాలుగు పూటలు కల్లు వడ్డంకనే దానికి గుణమొస్తది.'

నిజమే. పాత లొట్టి గోడలకు అంటుకున్న ఈస్ట్, పాలకు తోడు వేసినట్టు పనిచేస్తుంది. అదే లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు, తియ్యటి నీరాగా దిగుతుంది.

తాటాకు రేక పట్టాం. తీపి, చిరుపులుపు, నాలుక మీద సన్నటి చురుకు. స్కాచ్‌కు ఏళ్లు కావాలి, కల్లుకు పూట చాలు. పొద్దుటి తీపి సాయంత్రానికి పులుపెక్కుతుంది. అందుకే అసలు రుచి తెలియాలంటే చెట్టు కిందికే రావాలి.

1708లో వరంగల్‌ను కొల్లగొట్టిన సర్వాయి పాపన్నా గీత కులస్థుడే. ఆ పేరు ఎత్తితే మామ కళ్లు మెరిశాయి. అంతలోనే మోకు, ముస్తాదు సర్దుకున్నాడు. రోజూ రెండు పూటలా ఎక్కి గెల గీయాలి మరి. గీత కార్మికులు చెట్ల మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారనే, 2024లో ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరిట సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

'మీ కొడుకు ఎక్కుతడా మామా?' అన్నాను.

'ఆటో నడుపుతుండు. ఎక్కద్దని నేనే చెప్పిన.'

దోస్తు సీసా మీద ఏ పీపాలో మాగిందో రాసుంది. లొట్టి మీద ఏమీ రాసి ఉండదు. రేకలు పట్టుకుని, మామ మళ్లీ నేల మీద కాలు పెట్టేదాకా ఇద్దరం తలెత్తి చూస్తూనే నిలబడ్డాం.