చంద్రికకి అంటిన మైల

చంద్రిక అంటే నా హైదరాబాద్ రూమ్మేట్‌కి సబ్బు. తెలుగు ఎమ్మే చేసిన ఇంకో ఫ్రెండ్‌కి వెన్నెల. మా హిందూపురం వైపు ఊళ్లలో మాత్రం అది వెదురు తడిక. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న చాప మీద సన్నటి వెదురు పట్టీని చుట్టలు చుట్టలుగా నిలబెట్టి కట్టేస్తారు. ఆ చుట్టల సందుల్లో పట్టుపురుగు గూడు అల్లుకుంటుంది. ఒక్కో చంద్రిక మీద సుమారు వెయ్యి పురుగులు పడతాయి.

దారం పురుగుదే, పనితనమూ దానిదే. కానీ మొదటి పోగు తగిలించుకోడానికి ఒక ఆసరా కావాలి, అది మనం ఇవ్వాలి. అడవిలో బతకడం ఎన్నడో మర్చిపోయిన పురుగు ఇది, కొమ్మ వెతుక్కోలేదు. ఇరవై నాలుగైదు రోజులు మనం పెట్టిన ఆకే తింటుంది. నాలుగు జ్వరాలు దాటుతుంది (కుబుసం విడిచే ముందు కదలకుండా పడుకుంటుంది కదా, దాన్ని మావాళ్లు జ్వరం అంటారు). చివరి వారంలో తినే తిండి చూస్తే భయమేస్తుంది, మొత్తం ఆకులో ఐదింట నాలుగు వంతులు అప్పుడే అయిపోతుంది. ఆ తర్వాత ఒకరోజు తినడం మానేసి, ఒళ్లు పసుపుగా, గాజులా మారి, తల పైకెత్తి ఆసరా కోసం అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు ఏరి చంద్రిక మీద వేస్తాం. సందు మరీ వెడల్పైతే పట్టంతా పైన బూజు అల్లడానికే ఖర్చు చేస్తుంది. ఇరుకైతే రెండు పురుగులు కలిసి ఒకే గూడు కడతాయి, దాని దారం సరిగ్గా రాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మాకు చంద్రికలు చాల్లేదు. నాయన ఇంకో ఇంటినుంచి బాడుగకి తెచ్చాడు. మా వైపు అది మామూలే. ఇచ్చేవాళ్లు కడిగి ఇవ్వరు, తెచ్చేవాళ్లు అడగరు. ఆ పంట బాగానే అమ్ముడుపోయింది. తర్వాతి పంటలో, నాలుగో జ్వరం లేచాక, పురుగులు ఉబ్బి, చర్మం మెరుస్తూ, తట్టల అంచుల మీద తిరగడం మొదలుపెట్టాయి. ముట్టుకుంటే చిట్లి పాలు కారేవి. మూడు రోజుల్లో అన్నీ పోయాయి. గుంట తవ్వి, సున్నం చల్లి పూడ్చేశారు.

అవ్వ నావైపు చూసింది. "ఈ పాప ఆ మూడు దినాల్లో షెడ్డులోకి పోయింటాది" అంది.

పోయిన మాట నిజమే. ఆకు మోసేవాళ్లు లేక అమ్మే పంపింది. ఆ సంగతి అమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పెళ్లికని దాచిన డబ్బుల్లోంచి ఆ ఏడు మల్బరీ తోటకి పెట్టుబడి పెట్టారని, ఎవరి పెళ్లికో కూడా గుర్తుచేస్తూ, ఇంట్లో చాలాకాలం అనుకున్నారు. అప్పటినుంచి నెలకి మూడ్రోజులు నాకు షెడ్డు తలుపు మూసేశారు. ఆకు మొయ్యక్కర్లేదని లోపల్లోపల సంతోషంగానే ఉండేది, ఆ మాట కూడా చెప్పాలి.

బీఎస్సీలో జువాలజీ చదువుతుంటే ఆ పాలు కారడానికి గ్రాసరీ అని పేరుందని తెలిసింది. అది వైరస్. స్ఫటికంలాంటి ప్రొటీన్ గుళికల్లో దాక్కుంటుంది. దుమ్ములో, పగుళ్లలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. ఆకుతోపాటు పురుగు కడుపులోకి పోయాక అక్కడి క్షారానికి ఆ గుళిక కరిగి బయటపడుతుంది. అంటే మైల వెదురు చీలికల్లో ఉంది, పాత పంట వదిలిన బూజులో ఉంది. నాలో లేదు. 1865లో లూయీ పాశ్చర్ దక్షిణ ఫ్రాన్సులోని అలేస్‌కి వెళ్లి పట్టుపురుగుల పెబ్రిన్ రోగం మీద ఏళ్లకేళ్లు కూర్చున్నాడు. ఆ రోగం తల్లి చిలుకనుంచి గుడ్డుకి వస్తుంది. అక్కడా నింద తల్లి మీదే పడింది, కాకపోతే మైక్రోస్కోప్‌లో చూసి వేసిన నింద.

పోయినేడు నాయనకి మోకాళ్లు పట్టేశాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని రెండు పంటలు నేనే చూశాను. ముందు తేల్చుకోవాల్సింది, వెదురు చంద్రికలా, ప్లాస్టిక్ నేత్రికలా అని.

శుభ్రం సంగతైతే ప్లాస్టిక్‌కి తిరుగులేదు. వంద లీటర్ల నీళ్లలో 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల సున్నం కలిపి ముంచి తీస్తే చాలు. మడిచి మూల పెట్టుకోవచ్చు. వెదురుకైతే ముందు అంటుకున్న బూజుని మంటతో కాల్చాలి, తర్వాత ముంచాలి, ఎండబెట్టాలి. అయినా చీలికల లోపలికి మందు ఎంత పోయిందో కంటికి కనపడదు.

కానీ నాయన ఒక మాటన్నాడు. "పురుగు గూడుకి ముందు ఉచ్చ పోస్తాది మే. వెదురు తాగుతాది, నీ ప్లాస్టిక్ తాగదు."

నిజం. అల్లడం మొదలుపెట్టేముందు ప్రతి పురుగూ ఒంట్లో మిగిలిన నీళ్లన్నీ వదిలేస్తుంది. వెయ్యి పురుగులు ఒక్కరాత్రిలో వదిలితే ఎంత తేమో ఊహించుకోండి. ప్లాస్టిక్ మీద అది కింది గూళ్ల మీదికి కారుతుంది. మరక పడ్డ గూడుకి మార్కెట్లో ధర పడిపోతుంది, గాల్లో తేమ పెరిగితే దారం తీసేటప్పుడు తెగుతుంది. కడగడానికి మంచిది, కట్టుకోడానికి మంచిది ఒకటే కాలేదు.

ఎండాకాలం పంటకి నేత్రికలు వాడాను. కింద పాత పేపర్లు పరిచి, పురుగులు ఉచ్చ పోశాక మార్చి, కిటికీలు తెరిచి ఫ్యాన్లు పెట్టాం. వానల్లో పంటకి మాత్రం మేదరవాళ్ల దగ్గర కొత్త చంద్రికలు అల్లించాను. బాడుగకి తేలేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. ఈ రెండోదానికి ఊళ్లో నాకు పొగరని పేరొచ్చింది.

ఇంత శుభ్రం చేసేది దాన్ని ఆవిరిలో చంపడానికేగా అని రూమ్మేట్ అడిగింది. అవును. పురుగు చిలుకై గూడు తొలుచుకుంటే దారం తెగుతుంది. ఆమెకి అంతకన్నా జవాబు నా దగ్గర లేదు.

షెడ్డు గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ల తట్ట పెట్టాను. ఎవరొచ్చినా కాళ్లు అందులో ముంచి లోపలికి రావాలి. నాయన, కూలీలు, బాగున్నారా అని పలకరించడానికొచ్చే చుట్టాలు, అందరూ. మూడోరోజు అవ్వ చెప్పులతో గుమ్మందాకా వచ్చింది.

"అవ్వా, కాళ్లు ముంచి రా."

"నేనేం మైలపడినానా?" అంది.

"ముంచు" అన్నాను. వాసన వాసన అని గొణుక్కుంటూ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ముంచింది.