సింకు క్రింద ఏ గొట్టము మంచిది?



ఒకప్పుడు మన పల్లెలలో అంట్లు తోమే స్థలము పెరడే. తోమిన నీళ్లు అరటి చెట్టు మొదటికో, కంద పాదులోకో పోయేవి. ఇప్పుడు చాలా ఇండ్లలో వంటగది గట్టు, దానిలో స్టీలు సింకు వచ్చాయి. నిలబడి పని చేసుకొనుట వలన గృహిణులకు నడుము నొప్పి తగ్గింది, సంతోషమే. అయితే సింకు మెరుపును దుకాణములో అరగంట చూచేవారు కూడ దాని క్రింద వ్రేలాడే గొట్టమును గూర్చి అడగరు. "ఏదో ఒకటి వేసెయ్యి మేస్త్రీ" అంటారు. ఇంటికి నష్టము వచ్చేది అక్కడినుండే.

మేము ఇప్పుడున్న ఇంటిలో ప్రవేశించేనాటికే సింకు క్రింద ముడతల ప్లాస్టిక్ గొట్టము అమర్చి ఉంది. కొన్ని నెలలకు ఒక ముడతలో సన్నని చీలిక వచ్చింది. నీరు చుక్క చుక్కగా గోడ వెంబడి దిగి, ప్రక్క అరలోని బియ్యపు బస్తా అడుగు తడిసింది. వాసన వచ్చి చూచేసరికి సగము బియ్యము ముక్కిపోయి పారబోయవలసి వచ్చింది. అంతకంటె భయమేమనగా, డెబ్బది ఏండ్లు దాటిన మా అమ్మగారు ఆ తడిలో కాలు జారి, గట్టు పట్టుకొని ఎలాగో నిలదొక్కుకున్నారు. ఆ వయస్సులో తుంటి ఎముక విరిగితే మరల లేచి నడచుట ఎంత కష్టమో మీకందరికి తెలిసినదే.

అప్పుడు మేము ఊరిలోని ప్లంబరు మేస్త్రీని వెంటబెట్టుకొని పట్టణములో దుకాణములు తిరిగి, ఒక్కొక్క రకమును గూర్చి విచారించాము. మీ కుటుంబములకు ఉపయోగపడునని అది వ్రాస్తున్నాము.

ప్లంబరు అను మాట లాటిన్ భాషలో సీసమునకున్న పేరునుండి వచ్చింది. రోమీయులు నీటికి సీసపు గొట్టములు వాడేవారు. వాటికంటె మట్టి గొట్టముల నీరే ఆరోగ్యమని వారి కాలపు నిర్మాణ శాస్త్రజ్ఞుడు విట్రూవియస్ వ్రాసియున్నాడు. తరువాత ఇనుప గొట్టములు వచ్చాయి. వాటికి లోపల తుప్పు పట్టి, ఆ గరుకుకు జిడ్డు అంటుకొని, దారి సన్నబడిపోతుంది. 1930లలో జర్మనీలో పి.వి.సి. గొట్టములు వచ్చిన తరువాత తుప్పు బాధ తీరింది గాని, వేడి బాధ మొదలైంది.

ముడతల గొట్టము చవక. ఎటు వంచితే అటు వంగుతుంది. కాని ప్రతి ముడతలో మెతుకులు, జిడ్డు నిలుస్తాయి. పలుచన గనుక ఎలుకలు కూడ సులువుగా కొరుకుతాయి.

గట్టి పి.వి.సి. గొట్టము లోపల నునుపుగా ఉండి నీటిని ఆపదు. అయితే 60 డిగ్రీలు దాటిన వేడి దానికి తరచుగా తగలకూడదు. మన ఇండ్లలో గంజి వార్చుట ఉన్నది గదా! పొయ్యి మీదనుండి దించిన గంజి దాదాపు 100 డిగ్రీల వేడిలో ఉంటుంది. రోజూ దానిని నేరుగా సింకులో పోస్తే గొట్టము మెత్తబడి వంగుతుంది, అతుకులు వదులవుతాయి.

ఇత్తడిపై మెరుగు పెట్టిన సీసా ఆకారపు ట్రాపు చేతులు కడిగే బేసిను క్రింద అందముగా ఉంటుంది. వంటగదిలో మాత్రము దాని అడుగున మెతుకులు పేరుకుంటాయి. యాసిడ్ పోస్తే మెరుగు పోయి, ఇత్తడి కూడ తినిపోతుంది.

సి.పి.వి.సి. వేడినీటి సరఫరాకు చేసినది. మంచిదే గాని ఖరీదు ఎక్కువ, మురుగు నీటికి అంత అవసరము లేదు. వేడిని తట్టుకొనే మరొకటి పాలీప్రొపిలీన్. దుకాణదారులు పి.పి. అంటారు. మరిగిన నీటి వేడిని అది ఓర్చుకుంటుంది. పి.వి.సి. అతికించే సొల్యూషను దీనికి అంటదు గనుక నట్టు, రబ్బరు వాషరు పెట్టి బిగిస్తారు. ఇది మేలే, ఎందుకనగా అడ్డుపడినప్పుడు చేతితో విప్పి కడుగుకోవచ్చును.

మేము చివరకు సింకు క్రింద పి.పి. ట్రాపు, అక్కడినుండి గోడ బయటకు 40 మిల్లీమీటర్ల గట్టి పి.వి.సి. గొట్టము పెట్టించాము. గొట్టముపై ఐ.ఎస్. 13592 అను ముద్ర, బి రకము అని చూచి తీసుకోండి. అది మురుగు నీటి కొరకైనది. ఎ రకము వాన నీటికి, గాలి గొట్టములకు మాత్రమే. అడుగుకు పావు అంగుళము వాలు ఉండేలా చూడండి.

ట్రాపు అనగా వంపు తిరిగి, కొంచెము నీరు ఎల్లప్పుడు నిలిచియుండే భాగము. ఈ వంపు గొట్టమునకు 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంటు పొందాడు. ఆ నిలిచిన నీరే దుర్వాసనను, బొద్దింకలను ఇంటిలోనికి రానివ్వదు. 2003లో హాంకాంగులోని అమోయ్ గార్డెన్స్ అను నివాసములలో 300 మందికి పైగా సార్స్ వ్యాధి సోకింది. నేల తూముల ట్రాపులలో నీరు ఎండిపోవుట ఆ వ్యాప్తికి ఒక కారణమని అక్కడి ఆరోగ్య శాఖవారు తేల్చారు. గనుక "ట్రాపు ఎందుకు, నేరుగా వేసేస్తాను" అనే మేస్త్రీ మాట వినవద్దు. కొన్ని వారములు ఊరికి వెళ్లి వస్తే, రాగానే సింకులో ఒక చెంబెడు నీళ్లు పోయండి.

సహోదరీలకు మరి రెండు మాటలు. గంజి చల్లారిన తరువాతనే పోయండి, లేదా గేదెల కుడితిలో కలపండి. నూనె మూకుడును పాత కాగితముతో తుడిచి అప్పుడు కడగండి. అడ్డుపడితే ముందుగా బకెట్టు పెట్టి ట్రాపు విప్పి చూడండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి ఎన్నడును పోయవద్దు. దానినుండి వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చుతుంది.

గొట్టము చివర ఆ నీటిని వీధిలోనికి వదలవద్దు. పెరట్లో ఇంకుడు గుంట త్రవ్వండి, లేదా అరటి పాదుకు మళ్లించండి. పొరుగువారి గుమ్మము ముందు మన ఎంగిలి నీరు నిలువకూడదు.

క్రొత్త సింకు కొనేవారు దాని క్రింది గొట్టమునకు, ట్రాపునకు డబ్బు ముందుగానే వేరుగా తీసిపెట్టండి. దుకాణమునకు వెళ్లేటప్పుడు ఇంటిలో అంట్లు తోమేవారిని కూడ తీసుకొని వెళ్లండి. గంజి ఎక్కడ వార్చుతారో, ట్రాపు ఎవరు విప్పవలసి వస్తుందో వారికే బాగా తెలుసు.