వయసు జబ్బు పేరు కాదు

వార్డులో తరచూ వినిపించే మాట, "పెద్ద వయసు కదా సార్." ఆ మాట తర్వాత రోగిని పరీక్షించడం సగంలో ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

78 ఏళ్ల ఒకావిడ మూడు రోజులుగా పొంతన లేకుండా మాట్లాడుతోందని తీసుకొచ్చారు. పంపిన చీటీ మీద 'ముసలితనపు మతిమరుపు' అని ఉంది. పోయిన వారం ఎలా ఉండేవారని కోడల్ని అడిగాను. "పాల లెక్క, చీటీల లెక్క అన్నీ అత్తయ్యగారే చూసేవారండీ" అంది. మతిమరుపు జబ్బు నెలల తరబడి ముదురుతుంది, మూడు రోజుల్లో ఊడిపడదు. రక్తపరీక్ష చేయిస్తే, 135కు తగ్గకూడని సోడియం 114 ఉంది. కొత్తగా మొదలుపెట్టిన బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు ఉంది. దాన్ని ఆపి, సోడియాన్ని మెల్లగా పెంచాం. ఆవిడ మళ్లీ తన లెక్కల్లో పడ్డారు.

మరొకరు 80 దాటిన రైతు. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకండీ, ఏం తట్టుకుంటాడు?" అన్నాడు కొడుకు, తండ్రి మంచం పక్కనే నిలబడి. మంచాన పడితే పుండ్లు పడతాయి, నిమ్మొస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేయడమే క్షేమం. ఈ సంగతులన్నీ పెద్దాయనకే చెప్పి, ఆయన్నే అడిగాను. "చేసెయ్యండి బాబూ, నా పనులు నేను చేసుకోవాలి" అన్నారు. ఒళ్లు ఆయనది, నిర్ణయమూ ఆయనదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ 11వ కూర్పులో 'ముసలితనం' అనే పద్దు చేర్చబోయింది. వృద్ధుల వైద్య నిపుణులు అభ్యంతరం చెప్పడంతో, 2022లో ఆ కూర్పు అమల్లోకి వచ్చేలోపే ఆ పద్దును తొలగించింది. మన కేస్‌షీట్ల నుంచీ అది పోవాలి.

వయసుతోపాటు ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గే మాట నిజమే. అందుకే పెద్దవారిని మరింత శ్రద్ధగా చూడాలి. జూనియర్లకు నేను చెప్పేది ఇదే: వయసు అంకెల్లో రాయండి. పోయిన నెల ఏయే పనులు సొంతంగా చేసుకునేవారో రాయండి. వాడే మందులన్నీ రాయండి. చెవి వినిపిస్తోందో లేదో చూసి, ముందు వారితోనే మాట్లాడండి. వారికేం కావాలో వారి మాటల్లోనే రాయండి. రోగనిర్ణయం ఆ తర్వాత.