మా ఒంటికి మాటల్లేవు

మాలో ఎవరికి పన్నెండు పదమూడేళ్ళు వచ్చినా రంజాన్ నెలలో అలాంటి పగలు ఒకటి వచ్చేది. అమ్మీ మెల్లగా వెనక అర్రలోకి పిలిచేది. తలుపు దగ్గరికేసి, సహెరీలో మిగిలిన రొట్టె చేతిలో పెట్టేది. "జల్దీ తిను. అబ్బా చూస్తడు, భయ్యా చూస్తడు" అనేది. గబగబా మింగి, మూతి తుడుచుకుని, ఆకలితో ఉన్నట్టు ముఖం పెట్టుకుని బయటికొచ్చేవాళ్ళం. సాయంత్రం అందరితోపాటు ఇఫ్తార్‌కి కూచునేవాళ్ళం. నెలసరిలో ఉన్న ఆడదానికి రోజా మాఫీ. తర్వాత ఎప్పుడైనా ఉండి తీర్చుకోవచ్చు. అల్లా మాఫీ ఇచ్చినదాన్ని మేం అన్నదమ్ముల దగ్గర దాచిపెట్టాం. మా శరీరం గురించి మాకు దొరికిన మొదటి చదువు ఇదే. తప్పు చేయకుండానే దొంగలమయ్యాం.

మేమంటే నల్లగొండ జిల్లాలో తెలుగు మీడియం చదివిన సాయిబుల ఆడపిల్లలం. ఇంట్లో ఉర్దూ కాని ఉర్దూ, బడిలో తెలుగు. పక్కింటి పిల్ల పెద్దమనిషైతే మైకు పెట్టి, కొత్త చీర కట్టి, కుర్చీలో కూచోబెట్టి హారతులిచ్చారు. మేమూ పోయి చూసొచ్చాం. ఊరంతటికీ చాటారు గానీ దాని ఒంట్లో ఏం జరుగుతున్నదో దానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఊరికీ చెప్పలేదు, మాకూ చెప్పలేదు. "సయానీ హోగయీ" అని నానీమా అమ్మీ చెవిలో అన్నది. అంతే. ఆ రోజునుంచి గడప దాటడం మీద లెక్కలు మొదలైనయ్.

అడగడానికి పుస్తకాలైనా లేవా అంటే, ఉన్నయ్. బడి పుస్తకంలో పునరుత్పత్తి పాఠం ఉండేది. సారు ఆ పాఠం కాడికొచ్చేసరికి "ఇది ఇంటికాడ చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాడు. ఇంట్లో అల్మారా పైన గుడ్డ చుట్టి 'బెహిష్తీ జేవర్' ఉండేది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ రాసిన పుస్తకం. మా దిక్కు పెళ్ళికూతుళ్ళకి కానుకగా ఇస్తారు. హైజ్ ఏమిటో, గుసుల్ ఎట్లా చెయ్యాలో అందులో ఏ దాపరికం లేకుండా ఉన్నది. కానీ అది ఉర్దూలో ఉన్నది. మాకు ఉర్దూ మాట్లాడటమే తప్ప చదవటం రాదు. అర్థమయ్యే పుస్తకాన్ని సారు మూసేశాడు. తెరిచిన పుస్తకం మాకు అర్థం కాలేదు. బడిలో రుతుచక్రం, ఇంట్లో హైజ్. ఒకటి సంస్కృతం, ఒకటి అరబ్బీ. కడుపులో నొప్పి మాత్రం మాది.

మగపిల్లల సంగతీ ఇంతే. నిద్రలో బట్టలు తడిస్తే తమకేదో రోగమొచ్చిందని మా భయ్యాలు భయపడ్డారు. అది ఆ వయసులో మామూలేనని చెప్పినవాళ్ళు లేరు. బస్టాండు గోడల మీద 'గుప్త రోగాలకు చికిత్స' అని రాసి, లాడ్జి గది నంబరు వేసినవాళ్ళే వాళ్ళకు డాక్టర్లు. లేని రోగానికి ఎంత డబ్బు పోసుకున్నారో, ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఇప్పుడు నలభైలు దాటాక నవ్వుతూ చెప్తున్నారు. అప్పుడు నవ్వలేదు.

మా ఖాలా బిడ్డ సంగతి చెప్పకుండా ఈ మాటలు రాయలేం. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. నెలసరి వచ్చిందంటే పదిహేను రోజులు ఆగేది కాదు. మొదటి ఒకటి రెండేళ్ళు నెలసరి కుదురుగా రాకపోవడం సహజమే. కానీ వారం దాటినా ఆగకపోతే, గంటకో గుడ్డ తడుస్తుంటే డాక్టరుకు చూపించి తీరాలి. అది ఖాలాకు తెలియదు. పిల్ల సున్నంలా పాలిపోయింది. నడుస్తూ నడుస్తూ కళ్ళు తిరిగి పడేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. "సాయా పడింది" అన్నారు. దర్గాకు తీసుకుపోయారు, తావీజు కట్టారు. ఆఖరికి ఒక ఆస్పత్రికి పోతే వరసలో అందరి ముందే నర్సు "పెళ్ళయిందా? కడుపా?" అని గట్టిగా అడిగింది. కాదంటే, ఖాలా బుర్ఖా వైపు చూసి "మీవాళ్ళకు ఇంకేం పని, చిన్నప్పుడే చేస్తరు, ఏడాదికొకరిని కంటరు" అన్నది. ఖాలా చీటీ అక్కడే పడేసి పిల్లను తీసుకుని ఇంటికొచ్చింది. "పెళ్ళయితే అదే సర్దుకుంటది" అన్నారు పెద్దలు. పదహారుకి నికా. పదిహేడుకి కాన్పు. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర మా చెల్లె గోడవైపు తిరిగి పడుకున్నది. దానికీ మా దగ్గర మాట లేదు. "దిమాక్ ఖరాబ్" అన్నదొక్కటే మాట.

దాన్ని చంపబోయింది సాయా కాదు, రక్తం లేకపోవడం. అది మా ఖాలా ఇంటి సంగతి ఒక్కటే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైనే. ఈ లెక్కలు అన్ని మతాలవాళ్ళవీ కలిపి. "మీవాళ్ళు" అని మా వైపు వేలు చూపేవాళ్ళు ఒకసారి తమ వాడకట్టు కూడా చూసుకోవాలి.

అట్లా అని మా ఇంటి తప్పును మీ తప్పు వెనక దాచుకోం. 1991లో పాతబస్తీ నుంచి ఒక చిన్నపిల్లను అరవయ్యేళ్ళ అరబ్బు షేకు పెళ్ళిచేసుకుని తీసుకుపోతుంటే, విమానంలో ఆ పిల్ల ఏడుపు చూసి అడిగింది ఒక ఎయిర్‌హోస్టెస్. ఇంట్లో అడిగినవాళ్ళు లేకపోయారు. పత్రికలు మా కౌముని దోషిగా నిలబెట్టినయ్. మావాళ్ళేమో కౌము పరువు గురించే మాట్లాడారు. ఆ పిల్లకు ఏం కావాలని అటూ ఇటూ ఎంతమంది అడిగారు? మాకెప్పుడూ ఇదే గతి. బయట అవమానం, లోపల ఖామోషీ.

హయా వద్దని మేం అనటం లేదు. హయా వేరు, ఖామోషీ వేరు. దీన్ తెలుసుకోవడానికి అన్సార్ స్త్రీలు సిగ్గును అడ్డం రానివ్వలేదని హజ్రత్ ఆయిషా మెచ్చుకున్నట్టు హదీసుల్లో ఉన్నది. నెలసరి గురించి, గుసుల్ గురించి వాళ్ళు ప్రవక్తనే అడిగారు. మేం అమ్మీని అడగలేకపోయాం.

ఇప్పుడు సర్కారు దగ్గర కాగితమైతే ఉన్నది. 10-19 ఏళ్ళ పిల్లల కోసం 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. వారానికో ఐరన్ మాత్ర, పిల్లలు ఏకాంతంగా మాట్లాడుకునే క్లినిక్కు, మనసు బాగలేకపోతే కౌన్సెలింగూ అందులో ఉన్నయ్. 2022 నుంచి టెలీమానస్ ఉన్నది, 14416కి ఫోన్ చేస్తే చాలు, డబ్బులక్కరలేదు. మంచిదే. కానీ క్లినిక్కు గడపలో "మీవాళ్ళు" అన్న మాట వినబడితే మా పిల్ల లోపలికి రాదు. ఇంట్లో "చుప్" అంటే గడపదాకా కూడా రాదు. రెండు తలుపులూ తెరుచుకోవాలి. ఒకటి మీ చేతిలో ఉన్నది, ఒకటి మా చేతిలో.

మా చెల్లె తేరుకున్నది. తర్వాత ఇద్దరు పిల్లలు. మొన్న రంజాన్‌లో వాళ్ళింటికి పోయాం. పదమూడేళ్ళ బిడ్డ వంటింట్లో, తలుపు తీసే ఉంచి, పళ్ళెంలో అన్నం తింటున్నది. దాని తమ్ముడు "ఆపాకు రోజా లేదా?" అని అడిగాడు. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా చెల్లె కూర కలుపుతూనే అన్నది. "లేదు బేటా. నెలసరిలో ఉన్నది. తర్వాత ఉంటది. పో, ఆపాకు మంచినీళ్ళు తీసుకురా."

వాడు పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు.